ఆబిడ్స్ కెమెరా షోరూం, మేడ మీద రిపేరు బల్ల: గుర్తున్నవాళ్లు ఉన్నారా?

పాత_రీలు (హైదరాబాద్):

మొన్న అటక దులుపుతుంటే మా నాన్న యాషికా ఎలక్ట్రో 35 బయటపడింది. తోలు కేసు గట్టిపడిపోయి గుండీ ఊడదీయడానికే పది నిమిషాలు పట్టింది. లోపల పట్టీకి దారంతో కట్టిన ఓ అట్టముక్క. రీలు డబ్బా చింపిన అట్ట, పసుపు రంగు ఇంకా పోలేదు. దాని వెనక నీలం ఇంకుతో ఇలా ఉంది: "ప్యాడ్ వేశాం. ఫోం మార్చాం. డబ్బులు వద్దు. రీలు కడిగించాక ఫొటోలు తెచ్చి చూపించాలి."

ఆ అట్ట పట్టుకుని నిచ్చెన మీదే కూర్చుండిపోయాను.

ఆబిడ్స్‌లో జీపీఓ దగ్గర్నుంచి లోపలికి పోయే సందులో ఉండేది ఆ షోరూం. కింద అద్దాల బీరువాలు, వాటిలో మనం చేయి పెట్టే ధైర్యం చేయని కెమెరాలు. పక్కనుంచి చెక్కమెట్లు. మేడ మీద కిటికీ పక్కన రిపేరు బల్ల, ఆ బల్ల దగ్గర పెద్దసారు.

1989లో నేను ఎనిమిదో తరగతి. నాన్న బ్యాంకులో గుమాస్తా. కెమెరా మేం ఆ షాపులో కొన్నది కాదు, మామయ్య వాడి ఇచ్చింది. నాన్న మొహమాటపడుతూ ఆ సంగతి ముందే చెప్పేశాడు. "ఎక్కడ కొన్నారని నేనడిగానా?" అన్నారు పెద్దసారు. కెమెరా చెవి దగ్గర పెట్టుకుని మీట తిప్పారు. మళ్లీ తిప్పారు. తరవాత నా చెవి దగ్గర పెట్టి తిప్పారు. "ఏమైనా వినపడిందా?" "లేదు సార్." "వినపడాలి. టక్ మనాలి. లోపల ఓ బుల్లి రబ్బరు ముక్క ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది పొడైపోతుంది. దాని మీద పడాల్సిన కడ్డీ కిందికి జారిపోతోంది. అందుకే ఫొటోలు ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా."

ఇక ఆ బల్ల మీద ఇడ్లీ రేకు ఉండేది. నిజం ఇడ్లీ రేకే, నాలుగు గుంటలది. ఊడదీసిన మరలన్నీ ఆ గుంటల్లో వరసగా. మొదట తీసినవి ఎడమ పక్క గుంటలో, చివర తీసినవి కుడి పక్క. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు. ఒక్క మర పక్క గుంటలోకి దొర్లినా ఆపేసి మళ్లీ చూసుకునేవారు.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మెట్లున్న చోట గోడ కట్టేశారు. ఎవరికైనా గుర్తుందా? ఇంకోటి: ఈ కెమెరా మళ్లీ టక్ మనట్లేదు. ఇప్పుడెవరి దగ్గరికి తీసుకెళ్లాలి?


కరీంనగర్_స్టూడియో:

గుర్తు లేకపోవుడేంది అన్నా. ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కిన్నో లెక్కలేదు. మూడో మెట్టు కిర్రుమనేది. రాత్రికి వివరంగ రాస్త, ఇప్పుడు పెండ్లిల ఉన్న.


గౌతమి (రాజమహేంద్రవరం):

నేనెప్పుడూ ఆ షోరూం చూడలేదండి. కానీ మా ఇంట్లో ఆ షాపు పేరు దేవుడి పేరులా వినపడేది.

నాన్నగారు బడిపంతులు. ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్ 3 ఉండేది, బరోడాలో తయారైన నల్ల డబ్బా కెమెరా. 120 రీలు వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు. ఎండ గుర్తు, మబ్బు గుర్తు చూసి తిప్పుకోవడమే. 1991 పుష్కరాలకి రెండు వారాల ముందు అది నా చేతిలోంచి అరుగు మీద పడింది. వెనక తలుపు సరిగ్గా మూతపడ్డం మానేసింది. వెలుతురు దూరి బొమ్మంతా చారలు. మా ఊళ్లో చూపిస్తే, "ఇంత చవక కెమెరాకి రిపేరేంటమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నారు.

మా బాబాయి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్తూ పట్టుకెళ్లారు. నాలుగో రోజుకి తిరిగొచ్చింది. తలుపు నొక్కు సరిచేసి, అంచు చుట్టూ నల్ల ఉన్నిదారం అతికించారు. కటకం తుడిచారు. కాగితం మీద నాన్నగారికి ఓ చీటీ: "మాస్టారూ, ఈ కెమెరాకి షట్టరు నెమ్మది. మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి." డబ్బులు తీసుకోలేదని బాబాయి చెప్పారు.

పుష్కరాలు పన్నెండు రోజులు, రీల్లో పన్నెండు బొమ్మలు. రోజుకొకటి చొప్పున తీశారు నాన్నగారు. కోటిలింగాల రేవులో మా నాయనమ్మ మునక వేసి లేస్తున్న బొమ్మ ఎనిమిదో రోజుది. ఆవిడకి ఉన్న ఫొటో అదొక్కటే. నీళ్లు ముక్కు చివర్నుంచి కారుతున్నాయి, కళ్లు ఇంకా తెరవలేదు. అంచుల్లో ఒక్క చార లేదు.


చీకటిగది:

గౌతమి గారూ, ఆ ఉన్నిదారం పని నేను కళ్లారా చూశాను. మేం మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఫొటోగ్రఫీ చదివినవాళ్లం. 1998 ప్రాంతం. ఆదివారం షోరూం మూసి ఉండేది కానీ మేడ మీద మాత్రం తెరిచేవారు, మాకోసం. బాగుచేయడానికి వీల్లేని పాత షట్టర్లు బల్ల మీద పోసి "విప్పండి" అనేవారు. విప్పడం అందరికీ వచ్చేది. బిగించడం ఎవరికీ వచ్చేది కాదు. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతా బిగింపించేవారు.

మాలో సగం మంది దగ్గర పెంటాక్స్ కె1000 ఉండేది. పూర్తిగా మెకానికల్, సెల్లు వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే. సెల్లు లేకపోయినా ఫొటో వస్తుంది. అందుకే మొదట సెల్లు తీసేసి, ఎండ చూసి అంచనా వేసుకుంటూ ఒక రీలు తీసుకురమ్మనేవారు. ఆ తరవాతే సెల్లు వేసిచ్చేవారు.

ఓసారి రాజా దీన్‌దయాళ్ సంగతి చెప్పారు. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో పెట్టిన రోజుల్లో గాజుపలకల మీద తీసేవారు కదా. "పలక బరువు మోసినవాడు నొక్కేముందు ఆలోచిస్తాడు, మీకు రీలుకి 36 బొమ్మలు ఇచ్చారని గబగబా నొక్కకండి" అన్నారు. ఇప్పుడు ఫోన్‌తో తీసేటప్పుడు కూడా నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ అలవాటు ఆ బల్ల దగ్గర పడిందే.


కడప_ఎండ:

అందరూ బాగా రాస్తాన్నారు. నాకూ ఆ షాపంటే గౌరవమే. అయినా ఒక మాట అడగాల. ఊరికే చేసిపెట్టి, ఊరికే పిల్లోళ్లకు నేర్పిచ్చి, ఆయప్ప ఏం బావుకున్నాడు? షాపు మూతపడిపాయె. వేరే ఊర్లో నేను పోయిన ఒక చోట పెట్టె తెరిచేదానికే డబ్బు గుంజినారు, కెమెరా మాత్రం బాగు కాలే. ఆ అంగడి ఇప్పటికీ నడస్తాంది. మంచితనమే ఆయన్ని ముంచిందేమోనని నాకు బాధ.


విశాఖ_అల:

కడప గారూ, దానికి జవాబు తెలిసినవాళ్లు ఇస్తారు. నాకు తెలిసింది ఫంగస్ గురించి.

సముద్రం పక్కన ఉన్నవాళ్లకి కటకంలో బూజు తప్పదు. ఆర్కే బీచ్‌కి మా ఇల్లు కూతవేటు దూరం. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచిన 50 ఎంఎం లెన్సులో సాలెగూడు లాంటి తీగలు పుట్టాయి. తీసుకెళ్తే ఆయన ముందు టార్చి వేసి నాకే చూపించారు, ఎక్కడ మొదలైంది, ఎంతదాకా పాకింది అని. పూత మీద మాత్రమే ఉంటే తుడిస్తే పోతుందని, గాజును తినేసి ఉంటే గుర్తు మిగిలిపోతుందని ముందే చెప్పారు. నాకు అదృష్టం కొద్దీ పూత మీదే ఉంది.

అసలు పని ఆ తరవాతది. ఫోకసు తిప్పే మరచుట్టు విప్పాలంటే, ఎక్కడ విడిపోయిందో అక్కడే మళ్లీ కలపాలి. దానికి చాలా మొదళ్లు (మర మొదలయ్యే చోట్లు) ఉంటాయి, ఏ మొదట్లో పెట్టినా ఎక్కుతుంది, కానీ తప్పు మొదట్లో పెడితే దూరంగా ఉన్నది ఎప్పటికీ స్పష్టంగా రాదు. విడిపోయే ఆ క్షణంలో సూదితో రెండు పక్కలా గీత గీశారు. పాత గట్టిపడ్డ గ్రీజు తీసేసి కొత్తది అగ్గిపుల్లతో రాశారు. బిగించాక కెమెరా వెనక మూత తీసి, రీలు ఉండాల్సిన చోట గరుకు గాజుముక్క పెట్టి, నన్ను డాబా మీదికి తీసుకెళ్లారు. అక్కడినుంచి బిర్లా మందిరం తెల్లగా కనపడేది. ఆ గాజు మీద గుడి తలకిందులుగా, గోరంత. గోపురం అంచు కత్తిలా వచ్చేదాకా మూడుసార్లు కిందికీ పైకీ తిరిగారు. అరవై దాటిన మనిషి.

డబ్బులిస్తే గ్రీజు ఖర్చు మాత్రం తీసుకున్నారు. "తోలు కేసులో పెట్టొద్దు, తేమ పీలుస్తుంది. బియ్యం డబ్బాలో అసలే పెట్టొద్దు, పిండి దూరుతుంది. స్టీలు డబ్బాలో సిలికా జెల్ వెయ్యి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే వంటకి వాడని పెనం మీద వేడిచెయ్యి, మళ్లీ నీలం అవుతాయి." ఆ లెన్సు ఇప్పటికీ శుభ్రంగా ఉంది.


డల్లాస్_నుంచి:

1996లో ఇక్కడికి వచ్చే ముందు ఆ షోరూంలోనే సెకండ్‌హ్యాండ్ నికాన్ ఎఫ్ఎం2 కొన్నాను. సెకనులో 4000వ వంతు దాకా సెల్లు లేకుండా పనిచేసే షట్టరు. కొన్న రోజు పెద్దసారు బిల్లు రాయకుండా కూర్చోబెట్టి, అన్ని స్పీడ్లూ ఒక్కొక్కటే నొక్కి వినిపించారు.

ఇక్కడ ఓసారి మెట్ల మీద జారిపడ్డాను, లెన్సు ముందరి అంచు సొట్టపోయింది. ఫిల్టరు ఎక్కదు. ఒక చోట అడిగితే, ఆ డబ్బుకి ఇంకో లెన్సు వచ్చేలా ఉంది. దాచిపెట్టి, ఇండియా వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆయన సొరుగులోంచి తుమ్మచెక్క ముక్క తీశారు, లెన్సు అంచు వంపుకి సరిపోయేలా తానే చెక్కుకున్నది. లోపలి నుంచి ఆనించి, బయట చిన్న సుత్తితో, గుడ్డ అడ్డం పెట్టి, ఒక్కో దెబ్బకీ ఒక వెంట్రుక వాసి తిప్పుతూ. నలభై నిమిషాలు. మాట్లాడలేదు. ఫిల్టరు ఎక్కించి నా చేతికిచ్చి "తిప్పి చూడు" అన్నారు. వెన్నలో తిరిగినట్టు తిరిగింది.

ఆ తరవాత ఏ సెలవుకి వచ్చినా మొదట ఇల్లు, రెండోది ఆ మేడ.


కరీంనగర్_స్టూడియో:

పెండ్లి అయిపోయింది, ఇప్పుడు రాస్త.

మా అన్న దుబాయిల పనిచేసేటోడు. 1994ల వచ్చేటప్పుడు యాషికా ఎఫ్ఎక్స్-3 తెచ్చిండు. అప్పట్ల మా దిక్కు సగం స్టూడియోలు గల్ఫ్ కెమెరాలతోనే నడిచినయి. దాంతోనే నేను పెండ్లిళ్లు మొదలువెట్టిన.

ఒకసారి హైదరాబాద్‌ల పెండ్లి పట్టిన. ముందురోజు మంగళస్నానాలప్పుడు మర్దల్లు నీళ్లు చల్లుకుంట చల్లుకుంట బిందె మొత్తం నా మీద గుమ్మరిచ్చిండ్రు. కెమెరా పసుపునీళ్లతోని తడిసి ముద్ద. తెల్లారి పొద్దుగాల తొమ్మిదికి ముహూర్తం. సాయంత్రం ఏడు దాటినంక ఆబిడ్స్‌కు ఉరికిన. షోరూం షట్టరు సగం దించిండ్రు.

పెద్దసారు కెమెరా చూసిండు. "ఇది ఎండాలె, మూడు రోజులైతది" అన్నడు. నా మొకం చూసిండు. కిందికి పోయి అద్దాల బీరువ తెరిచి కె1000 తీసిండు, 50 లెన్సు పెట్టిండు, కొత్త సెల్లు ఏసిండు. "పొద్దుగాల పెండ్లి ఉన్నది గదా, ఇది తీస్కపో. సోమవారం తెచ్చియ్యి." సంతకం లేదు, అడ్వాన్సు లేదు. నా పేరు గుడ అప్పటిదాక అడగలే.

జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో మళ్లొకసారి తీద్దామంటె అయితదా? ఆ పెండ్లిపిల్ల బిడ్డ పెండ్లికి మొన్న నన్నే పిలిచిండ్రు. ఇందాక నేనున్నది ఆ పెండ్లిలనే.


సూదిమొన:

ఈ చర్చ నా తమ్ముడు పంపించాడు. నేనిక్కడ కొత్త. ఆ బల్ల దగ్గర పనిచేశాను, పదహారో ఏట చేరాను.

పాత_రీలు గారూ, ఆ అట్ట మీద "ప్యాడ్" అన్న మాటలో డకారం కింద పొల్లు తోకలా పొడుగ్గా సాగి ఉందా? ఉంటే ఆ రాత నాది. సారు చేతులకి ఎప్పుడూ గ్రీజు ఉండేది, అందుకని ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి. "డబ్బులు వద్దు" అని రాయించిన ప్రతిసారీ కింద "ఫొటోలు చూపించాలి" అని రాయించేవారు. ఊరికే అనలేదు. బాగుచేసింది సరిగ్గా కుదిరిందో లేదో ఆయనకి తెలిసే దారి అదే. తెచ్చిన ఫొటోల్ని కిటికీ వెలుగులో భూతద్దం పెట్టి చూసేవారు. ఏ అంచులో కొంచెం మసక ఉన్నా కెమెరా మళ్లీ తెమ్మనేవారు.

షట్టరు పరీక్షించే యంత్రం మా దగ్గర లేదు. రికార్డు ప్లేయరు ఉండేది. పాత రికార్డు మీద నడిమి నుంచి అంచుకి తెల్లకాగితం పట్టీ అతికించి, 33 స్పీడులో తిప్పి, మిగిలిన రీళ్ల తోకముక్కలు వేసి ఫొటో తీసేవాళ్లం. నిమిషానికి 33 చుట్లు, మీద మూడోవంతు. అంటే సెకనుకి సరిగ్గా 200 డిగ్రీలు. నాలుగో వంతు సెకనులో పట్టీ 50 డిగ్రీలు జరగాలి, ఎనిమిదో వంతులో 25. రీలుముక్క కడిగి, కాంపాస్ బాక్సులో కోణమాని పెట్టి కొలిచేవాణ్ణి. 50 రావాల్సిన చోట 58 వస్తే ఆ స్పీడు నెమ్మదిగా ఉందన్నమాట. వేగం ఎక్కువ స్పీడ్లకి పాత డబ్బా టీవీ. వెనక మూత తీసి తెరకేసి చూస్తూ నొక్కితే ఏటవాలు వెలుగుపట్టీ మెరుస్తుంది. ఆ పట్టీ ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం ఉంటే షట్టరులోని తెరలు రెండూ ఒకే వేగంతో పరిగెత్తట్లేదని లెక్క.

కడప అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఖాతా పుస్తకం నేను చూశాను. రిపేరు బల్ల మీద నష్టం లేదు. బాగుచేయించుకున్నవాళ్లు దిగి వెళ్తూ రీళ్లు కొనేవారు, సెల్లులు, ఆల్బమ్‌లు, స్టూడియోవాళ్లైతే కాగితం పెట్టెలకు పెట్టెలు కొనేవారు. కరీంనగర్ అన్న లాంటివాళ్లు ఇరవై ఏళ్లు ఇంకో షాపు మెట్లు ఎక్కలేదు. ఆ కెమెరాలు నడిచినన్నాళ్లూ షాపూ నడిచింది. రీళ్లు అమ్ముడుపోవడం ఆగింది, అంతే. 2005లో క్యోసెరా యాషికా, కాంటాక్స్ కెమెరాలు ఆపేసింది. 2006 జనవరిలో కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారమే వదిలేసింది. అదే నెలలో నికాన్, ఎఫ్6, ఎఫ్ఎం10 తప్ప మిగతా ఫిల్ము కెమెరాలన్నీ ఆపుతున్నామని చెప్పింది. ఆ రెండు వార్తలూ సారే చదివి వినిపించారు నాకు. ఆ రోజు బల్ల మీద పని పెట్టుకోలేదు. విడిభాగాలు ఎక్కణ్ణుంచి వస్తాయో లెక్కేసుకుంటూ కూర్చున్నారు. ఊరికే చేయడం వల్ల ఆయన మునగలేదన్నా. దయచేసి అలా అనుకోవద్దు.

సారు ఇప్పుడు లేరు. షాపు మూసేనాడు ఎవరి కెమెరాలు వాళ్లకి చేర్చాం. ఊళ్లకి నేనే మోశాను, పదిహేను రోజులు బస్సుల్లో తిరిగాను. అన్నీ బాగుచేసినవే. ఒక్కటీ విప్పిన దశలో తిరిగివ్వలేదు.


కడప_ఎండ:

అన్నా, నా మాట వెనక్కి తీసుకుంటాండ. తెలీక అన్న్యా. ఆ లెక్క చెప్పినందుకు నీకు దండం.


పాత_రీలు:

పొల్లు తోక పొడుగ్గానే ఉంది. ఇప్పుడే లైటు కింద పెట్టి చూశాను. అక్షరం దాటి పక్క మాట దాకా సాగింది.

మేం ఫొటోలు తీసుకెళ్లి చూపించాం అన్నా. నాగార్జునసాగర్‌లో తీసినవి, నాన్న, అమ్మ, చెల్లి. మీరక్కడే ఉండి ఉండాలి. టీ తెప్పించి ఇచ్చిన కుర్రాడు మీరేనా?


సూదిమొన:

టీ నేనే తెచ్చేవాణ్ణి. కానీ చాలామందికి తెచ్చాను, మీ నాన్నగారి ముఖం గుర్తుందని చెబితే అబద్ధమవుతుంది. కెమెరా చూస్తే గుర్తుపట్టొచ్చు, ప్యాడ్ వేసినవాటికి లోపల ఓ మూల సూదితో చుక్క పెట్టేవాళ్లం.

టక్ మనకపోవడానికి కారణం అదే. మేం వేసిన రబ్బరుకీ ముప్పై అయిదేళ్లు దాటాయి. తీసుకురండి. ఈసారి ఇంకా గట్టి రబ్బరు వేస్తాను. పెద్ద పనేం కాదు కానీ తొందరపడి మీరే పైమూత విప్పొద్దు, బొమ్మల లెక్క చూపే కౌంటరు దగ్గర సన్న తీగలు ఉంటాయి, తెగిపోతాయి.

ఇడ్లీ రేకు నా దగ్గరే ఉంది.


లైట్‌మీటర్:

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, సెల్లు గురించి ఎవరూ రాయలేదని ఇప్పుడు రాస్తున్నా. ఎలక్ట్రోకి అసలు వేసేది 5.6 వోల్టుల పాదరసం సెల్లు. అది దొరకదు, వెతకొద్దు. 4ఎల్ఆర్44 అని 6 వోల్టులది దొరుకుతుంది. పొట్టి, సన్నం. చుట్టూ గట్టి కాగితం గొట్టంలా చుట్టి, మిగిలిన ఖాళీలో టార్చిలైటు స్ప్రింగు పెడితే సరిపోతుంది. ఆ కొంచెం ఎక్కువ వోల్టేజీని ఆ కెమెరా తట్టుకుంటుంది, నాది ఏళ్లుగా అలాగే నడుస్తోంది. కెమెరాలో సెల్లు గదిలోకి పెట్టేముందు లోపలి రేకుల మీద పచ్చగా తుప్పుందేమో చూడండి. ఉంటే నిమ్మరసమో వెనిగరో దూదికి అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే సెల్లు వేయండి.


గౌతమి:

సూదిమొన గారూ, ఆ ఉన్నిదారం అతికించింది మీరేనా? ఆ కెమెరా ఇంకా ఉందండి. నాన్నగారు పోయాక నేను తీసుకున్నాను. దారం ఒక పక్క లేచింది. నేను హైదరాబాద్ రాలేను, కొరియర్‌లో పంపితే చూస్తారా? అలాగే నాయనమ్మ బొమ్మ కూడా ఒక ప్రింటు పెడతాను. అప్పుడు చూపించడానికి మాకు కుదర్లేదు.


సూదిమొన:

పంపండమ్మా. ప్రింటు పెద్ద సైజులో వేయించండి, అంచులు చూడాలి.


పాత_రీలు:

అన్నా, ఈ ఆదివారం పదకొండుకి జీపీఓ మెట్ల దగ్గరుంటాను. కెమెరా, అట్టముక్క రెండూ తెస్తాను.


కరీంనగర్_స్టూడియో:

నేను గుడ వస్తున్న. కె1000ది లెన్సు మూత ఒకటి నా దగ్గర ఉండిపోయింది, సోమవారం కెమెరా ఇచ్చినప్పుడు మర్సిపోయిన. ఇన్నేండ్లు బ్యాగుల పెట్టుకొనే తిరుగుతున్న.


లైట్‌మీటర్:

రెండు సెల్లులు కొన్నాను, ఒకటి పాత_రీలుకి. స్ప్రింగు నేను తెస్తాను, ఎవరూ కొనొద్దు.